గుప్పిట్లో బటన్

వ్యాన్‌ను సందు మొదట్లోనే ఆపి, అక్కణ్ణించి నడిచి వెళ్ళాలన్నది సర్వే వాళ్ళ నియమం. ఆ నియమం ఎందుకు పెట్టారో నర్సుకు బాగా తెలుసు. కానీ ఆ రోజు ఎండ మాడు పగలగొడుతోంది. ఐసు పెట్టె భుజాన్ని కిందికి లాగేస్తోంది. మోకాలు పొద్దుటి నుంచీ మొరాయిస్తోంది.

"ఈ ఒక్కసారికీ గుమ్మం దాకా పోనివ్వు బాబూ," అంది డ్రైవర్‌తో.

ఆ ఒక్క మాట ఇంకో ఆడమనిషి పొట్ట మీద కొడుతుందని ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు.

పైగా వ్యాన్ వాళ్ళది కాదు. వాళ్ళది మరమ్మతులో ఉంటే ఇంకో విభాగం వాళ్ళు జాలిపడి తమది ఇచ్చారు. దాని రెండు పక్కలా అరచేయంత ఎర్రటి అక్షరాలతో 'సుఖవ్యాధుల నియంత్రణ విభాగం' అని రాసి ఉంది. మిల్లు క్వార్టర్స్ మూడో వరసలో నీలం తలుపు ఇంటి ముందు ఆ అక్షరాలు ఠీవిగా ఆగాయి. ఇంజన్ ఆగేసరికి ఎదుటి వరస కిటికీలు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకున్నాయి.

నీలం తలుపు తీసిన మనిషి మెడలో కొలత టేపు వేలాడుతోంది. పెదాల మధ్య రెండు గుండుసూదులు. క్వార్టర్స్‌లో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. ముందు గదిలో నడవడానికి చోటు లేదు. ఎక్కడ చూసినా స్కూలు యూనిఫాం గుడ్డల మూటలే. మిల్లు పిల్లలందరికీ ఏటా యూనిఫాంలు కుట్టేది ఆమే. బడి తెరిచేలోగా పూర్తిచెయ్యాలి గనక ఈ నెలంతా ఆమె మిషన్ మీదే తింటుంది, మిషన్ మీదే కునుకు తీస్తుంది.

నర్సు మూటల మధ్య స్టూలు వేసుకుని కూర్చుని విషయం చెప్పింది. మర్మస్థానంలో నీటిపొక్కులు తెప్పించే హెర్పిస్ అనే జబ్బు ఊళ్ళో పెద్దవాళ్ళలో ఎంతమందికి ఉందో లెక్క తీస్తున్నారు. చాలామందికి పొక్కులే రావు. వచ్చినా చెమటకాయలనుకుని మరిచిపోతారు. రక్తంలో మాత్రం దాని గుర్తు ఉండిపోతుంది. అందుకే కాస్త రక్తం కావాలి. పేరు రాసుకోరు, నంబరు మాత్రమే వేస్తారు. ఆ నంబరు బిళ్ళ ఇంటివాళ్ళ దగ్గరే ఉంటుంది. కావాలంటే బిళ్ళ చూపించి ఎవరి ఫలితం వాళ్ళు తెలుసుకోవచ్చు.

టైలరమ్మ గుండుసూదులు తీసి చేతికున్న మెత్తకు గుచ్చింది. "ఇన్ని ఇళ్ళుండగా మా ఇల్లే ఎందుకమ్మా?"

"కంప్యూటర్ తీసింది. ఇళ్ళ నంబర్లన్నీ కలిపేసి, కళ్ళు మూసుకుని కొన్ని తీసినట్టు."

"నా జన్మలో లాటరీ తగల్లేదు. తగలక తగలక ఇదా తగిలింది," అని నవ్వి, జాకెట్టు చెయ్యి పైకి మడిచింది.

మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసే ఆమె భర్త అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. భార్య కనుసైగ చేస్తే వచ్చి కూర్చుని, సూదిని చూడకుండా గోడ మీది గడియారాన్ని చూస్తూ రక్తం ఇచ్చాడు.

గొట్టాల మీద నంబర్లు అంటిస్తుండగా టైలరమ్మ కళ్ళు నర్సు తెల్లకోటు మీద ఆగాయి. మధ్య బటన్ ఊడిపోయి, ఆ చోట పిన్నీసు పెట్టి ఉంది.

"అక్కా, మీరు నా ఇంటికొచ్చి ఆ పిన్నీసుతో వెళ్తే నాకు తలవంపులు. కోటు విప్పండి, చిటికెలో కుట్టేస్తాను."

"ఇంకా ఇళ్ళు తిరగాలి, ఇంకోసారి చూద్దాంలే," అని నర్సు లేచింది. బయటికి వస్తే ఎదుటి కిటికీలన్నీ ఒక్కసారిగా మూసుకున్నాయి. తర్వాత తలుపు తట్టాల్సిన ఇంట్లో రేడియో మోగుతోంది. తట్టగానే రేడియో ఆగిపోయింది. తలుపు తెరుచుకోలేదు.

మర్నాడు వ్యాన్‌ను సందు మొదట్లోనే ఆపారు. డ్రైవర్ తనకు తోచిన తెలివి చూపించి, ఎర్ర అక్షరాల మీద రెండు పక్కలా టార్పాలిన్ కట్టాడు. దాంతో అది అచ్చం శవాలు మోసే బండిలా తయారైంది. దారిన పోతున్న ముసలాయన ఒకరు ఆగి, పోయిందెవరని అడిగి మరీ వెళ్ళాడు.

ఆ రోజు నర్సుతో లెక్కలాయన కూడా వచ్చాడు. ఎన్ని ఇళ్ళు తిరగాలో, ఏవి తిరగాలో తేల్చే పని ఆయనది. బట్టతల, జేబులో ఎప్పుడూ బిస్కెట్లు. ఇద్దరూ కలిసి వరసంతా తిరిగారు. ఒక గుమ్మం ముందు ఇంటిల్లిపాదివీ చెప్పులున్నాయి. లోపలి నుంచి గొంతు మాత్రం వచ్చింది. "ఇంట్లో ఎవరూ లేరండీ."

లెక్కలాయన మర్యాదగా, "ఎప్పుడొస్తారండీ?" అని అడిగాడు.

కాసేపు ఆలోచించి ఆ గొంతు, "చెప్పి వెళ్ళలేదండీ," అంది.

నీలం తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. లోపలికి అడుగుపెట్టిన నర్సుకు ముందు గది ఇంత పెద్దదని అప్పుడే తెలిసింది. మూటలు లేవు. నిన్న స్టూలుకే చోటు చాలని నేల ఇవాళ నున్నగా మెరుస్తోంది. టైలరమ్మ మిషన్‌కు చుక్కచుక్కగా నూనె పెడుతోంది.

"ఖాళీగా ఉన్నప్పుడైనా దీనికి నూనె పెట్టాలి. లేకపోతే ఇది కూడా నా మీద అలుగుతుంది," అంది తలెత్తకుండా.

నిన్న సాయంత్రం నుంచి ఒక్కొక్కరే వచ్చారట. గుడ్డ ముందు నీళ్ళలో నానబెట్టాలని ఒకావిడ తీసుకెళ్ళింది. రంగు తేడాగా ఉంది, దుకాణంలో మార్చుకొస్తానని ఇంకొకావిడ. మా ఆడపడుచు కొత్తగా కుట్టు నేర్చుకుంటోందని మరొకావిడ. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అందరూ నవ్వుతూనే మాట్లాడారు. చివరికి క్వార్టర్స్ సంఘం సెక్రటరీ గారి భార్య వచ్చింది. ఆవిడ సాకు కూడా చెప్పలేదు. మూట ముడిని రెండు వేళ్ళతో, ఎలకను తోక పట్టుకున్నట్టు పట్టుకుని వెళ్ళిపోయింది.

"అన్ని ఇళ్ళు వదిలేసి బండి సరాసరి నా గుమ్మంలో ఆగిందంటే, నా సంగతి పైవాళ్ళకు ముందే తెలుసని అందరి లెక్క," అంది టైలరమ్మ.

నర్సు మోకాలు నిమురుకుంది. బండి గుమ్మం దాకా ఎవరు తెప్పించారో టైలరమ్మ అడగలేదు. అడిగినా బాగుండేదనిపించింది.

"బండి ఇక్కడిదాకా రమ్మన్నది నేనే. నా కాలు నొప్పి పెట్టి," అంది నర్సు.

టైలరమ్మ నూనె డబ్బా పక్కన పెట్టి ఆమెను ఒక్క నిమిషం చూసింది. "అయితే ఆ కాలుకి ఒక పని చెప్పండి. మీ ఆఫీసుకు నడిచి వెళ్ళి, నాకు ఆ జబ్బు లేదని కాగితం రాయించుకు రమ్మనండి. తలుపుకు అంటించేస్తాను. దెబ్బకు అందరి నోళ్ళూ మూతపడతాయి."

ఇంతలో సెక్రటరీ గారు గుమ్మంలో దగ్గారు. మిల్లు టైమాఫీసులో పనిచేసే మనిషి. చెడ్డవాడు కాదు గానీ ప్రతి మాటకూ ముందు ఒక మాట తగిలిస్తారు.

"నాకు వ్యక్తిగతంగా ఏమీ లేదమ్మా. కానీ పిల్లలు తొడుక్కునే బట్టలు కదా అని జనం గొడవ. ఈసారి యూనిఫాంలన్నీ బజారులో షాపుకి ఇచ్చేద్దామంటున్నారు. ఆదివారం మీటింగు పెట్టాం. ఈలోగా సిస్టర్ గారు ఆమెకు లేదని ఒక్క మాట చెబితే చాలు, వ్యక్తిగతంగా నేనే అందరికీ నచ్చచెబుతాను."

'ఆమెకు లేదు' అని నోటి దాకా వచ్చిన మాటను నర్సు మింగింది. ఈ జబ్బు గుడ్డ మీద, సూది మీద అంటుకునేది కాదు, ఒళ్ళూ ఒళ్ళూ కలిస్తేనే అంటుకుంటుందని మాత్రం విడమరిచి చెప్పింది. సెక్రటరీ గారు తలూపారు. ఆ తలూపుడులో ఏదీ లోపలికి వెళ్ళినట్టు లేదు. ఆయనకు కావలసింది ఒక్కటే, ఉందా లేదా.

వ్యాన్‌లో లెక్కలాయన ఫోన్ మోగింది. పై అధికారి. ఆ వరస తలుపులు తియ్యకపోతే వదిలెయ్యమని, తీసేవాళ్ళున్న వేరే వరసలో అన్నే ఇళ్ళు చేసేసి పని కానివ్వమని ఆయన సలహా. లెక్కలాయన బిస్కెట్ నమలడం ఆపాడు.

"తలుపు తీసిన వాళ్ళనే లెక్కపెడితే తలుపు తీసేవాళ్ళ లెక్క వస్తుంది సార్. ఊరి లెక్క రాదు. భయపడి దాక్కున్న వాళ్ళలో ఎంతమందికుందో అదే కదా మనకు తెలియాల్సింది," అని, ఆదివారం దాకా గడువు అడిగి ఫోన్ పెట్టేశాడు. తర్వాత నర్సు వైపు తిరిగి, "ఆవిడకు లేదని మీరు చెప్పలేదు, మంచి పని చేశారు," అన్నాడు.

"చెబితే ఆవిడ బయటపడేది."

"ఆవిడ బయటపడేది. రేపు జబ్బున్న ఇంకొకరి గురించి అడిగితే మీరు నోరు మెదపరు. మెదపకపోతే ఉన్నట్టే లెక్క. ఇక ఈ ఊళ్ళో ఎవరు చెయ్యి చాపుతారు?"

ఆ మాట నిజమే. నిజమైనంత మాత్రాన ఆ ఖాళీ గది కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఇంటికొచ్చి అత్తగారి ముందు కూర్చుని సంగతంతా వెళ్ళబోసుకుంది. అత్తగారికి చెవులు సగం పనిచేస్తాయి గానీ బుర్ర పూర్తిగా పనిచేస్తుంది. మధ్యలో భర్త, షెడ్డులో లారీలు బాగుచేసి వచ్చిన చేతులు కడుక్కుంటూ, నీ మోకాలికి జీతం కోసేస్తే సరి అని ఒక జోకు వేసి, ఎవరూ నవ్వకపోయేసరికి సబ్బు వెతుక్కుంటూ పోయాడు.

"కాగితం ఆవిడదే కదా, ఆవిడ ఏమన్నా చేసుకుంటుంది. నువ్వు చదివి చెప్పు, అంటించుకోనీ," అంది అత్తగారు.

"అంతే చెయ్యాలనుకుంటున్నా అత్తయ్యా. శనివారానికి ఫలితం వస్తుంది."

అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "లేదని వస్తే సరే. ఉందని వస్తేనో?"

శనివారం మధ్యాహ్నం ల్యాబులో నర్సు, టైలరమ్మ ఇచ్చి పంపిన బిళ్ళ చూపించి నంబరు చెప్పింది. ల్యాబు మనిషి తెర మీద చూసి, ఒకటికి రెండుసార్లు సరిపోల్చి, తలూపాడు. ఉంది.

క్వార్టర్స్ సందు మొదట్లో వ్యాన్ దిగి నీలం తలుపు దాకా నడుస్తున్నంతసేపూ నర్సు మాటలు కూర్చుకుంటూనే ఉంది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎన్నో చెడ్డ కబుర్లు చెప్పింది. ఇది వాటి పక్కన కబురే కాదు. ప్రాణం తీసేది కాదు, పని మాన్పించేది కాదు. అయినా ఆదివారం ముందు రోజున ఇంత బరువైన మాట ఇంకొకటి లేదు.

టైలరమ్మ నేల మీద కూర్చుని బటన్లు ఏరుతోంది. పెద్ద బిస్కెట్ డబ్బా నిండా బటన్లు. తెల్లవి ఒక కుప్ప, ఎర్రవి ఒక కుప్ప. చేతులు ఖాళీగా ఉంటే తోచని మనిషి. నర్సు తలుపు దగ్గరగా వేసి, మోకాలు చాపుకుని ఆమె ఎదురుగా కూలబడింది.

కూర్చోవడంతోనే టైలరమ్మకు అర్థమైపోయింది. "ఉంది కదూ."

"ఉంది."

టైలరమ్మ బటన్లు ఏరుతూనే ఉంది. టిక్, టిక్. తర్వాత నర్సు నెమ్మదిగా చెప్పింది. రక్తంలో గుర్తు ఉందంటే ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని అర్థం. నిన్నో, ఇరవై ఏళ్ళ క్రితమో రక్తం చెప్పదు. పొక్కులు వస్తే మాత్రలున్నాయి. అవి జబ్బును తుడిచిపెట్టవు గానీ అణచిపెడతాయి. పొక్కులు లేనప్పుడు కూడా ఇంకొకరికి అంటుకునే వీలుంది గనక భార్యాభర్తలు మాట్లాడుకోవాలి. అంతకు మించి దీని వల్ల ఆమె బతుకులో ఏదీ మారనక్కర్లేదు.

"ఎవరి నుంచి వచ్చిందో?"

"రక్తం ఎవరి పేరూ చెప్పదు."

"అదొక్కటి మంచి గుణం దానికి," అంది టైలరమ్మ. "ఎప్పుడో పెద్దపిల్ల పుట్టకముందు నాలుగు పొక్కులు లేచాయి. ఎండకనుకున్నా. మా అమ్మ గంధం రాసింది. ఇప్పుడిక ఆయన్ని నేను నిలదియ్యాలా, నన్ను ఆయన నిలదీస్తాడా?"

ఆ ప్రశ్నకు జవాబు లోపలి గదిలోంచి వచ్చింది. బాయిలర్ మనిషి తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన కూడా తన బిళ్ళ పట్టుకుని పొద్దున్నే ల్యాబుకు వెళ్ళొచ్చాడట. చెప్పడానికి నోరు రాక అప్పటి నుంచీ లోపల కూర్చుని ఉన్నాడు.

"నాకూ ఉందట," అన్నాడు. ఆ నెలలో తను మాట్లాడిన వాటిలో అన్నిటికన్నా పొడవైన మాట అన్నాడు. "నీకు చెప్పడమెట్లా అని మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయా."

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టైలరమ్మకు ముందు ఏడుపొచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది, చివరికి రెండూ కలిసిపోయి ముక్కు చీదుకుంది. ఆయన వచ్చి ఆమె పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తోచక తనూ బటన్లు ఏరడం మొదలుపెట్టాడు.

"ఇక కాగితం అంటించే ముచ్చట తీరిపోయింది," అంది టైలరమ్మ. "అక్కా, నాలాంటి వాళ్ళు ఊళ్ళో ఎంతమంది?"

"ఇప్పటిదాకా చూసిన వీధుల్లో ఆరుగురిలో ఒకరు. పెద్ద మేడల్లోనూ అంతే, రేకుల ఇళ్ళలోనూ అంతే."

టైలరమ్మ చేతులు వాటంతట అవే కదిలాయి. అయిదు తెల్లవి, ఒక ఎర్రది. మళ్ళీ అయిదు తెల్లవి, ఒక ఎర్రది. నేల మీద వరస పెరుగుతూ గోడ దాకా పోయింది. ఆమె వెనక్కి జరిగి, కుట్టు సరిగ్గా పడిందో లేదో చూసినట్టు తల వంచి చూసింది.

"ఇది మా వరస," అంది. "ఇంతమందా?"

నర్సు కూడా చూసింది. ఆరుగురిలో ఒకరని ఎన్ని ఇళ్ళలో చెప్పిందో లెక్కలేదు. ఇలా మాత్రం ఎన్నడూ చూడలేదు. అప్పుడే టైలరమ్మ ఇంకో ప్రశ్న వేసింది, సూదిలో దారం ఎక్కించినంత మామూలుగా.

"మీరు చేయించుకున్నారా అక్కా?"

నర్సు కోటు మీది పిన్నీసు సర్దుకుంది. చేయించుకోలేదు. అనుకోను కూడా లేదు.

ఆదివారం సంఘం హాల్లో కుర్చీలు చాలక జనం కిటికీల మీద కూడా కూర్చున్నారు. రావడానికి సిగ్గుపడ్డవాళ్ళందరూ, రాకపోతే ఏమనుకుంటారోనని వచ్చేశారు. సెక్రటరీ గారు లేచి, తనకు వ్యక్తిగతంగా ఏమీ లేదని మొదలుపెట్టి, యూనిఫాంల సంగతి, బజారు షాపు సంగతి చెప్పి, ఇక సిస్టర్ గారు ఉన్నదున్నట్టు ఒక్క ముక్కలో చెబితే అందరూ భోజనాలకు వెళ్ళొచ్చన్నారు.

నర్సు లేచింది. కోటు మధ్యలో పిన్నీసు అలాగే ఉంది. ఎవరి ఫలితం గురించీ తను ఎవరికీ చెప్పనని, అది వాళ్ళ సొంతమని, అయితే ఒక ఆట ఆడిస్తానని చెప్పింది. లెక్కలాయన బిస్కెట్ డబ్బా పట్టుకుని ముందు వరసలోకి వచ్చాడు. లోపల ఏ రంగు ఎన్ని ఉండాలో రాత్రి తనే కొలిచి కలిపాడు. ఆ పనికి తన పెళ్ళికి పడ్డంత సరదా పడ్డాడు.

"కళ్ళు మూసుకుని ఒక్కొక్కరు ఒక బటన్ తీసుకోండి. గుప్పిట విప్పొద్దు. పక్కవాళ్ళకు చూపించొద్దు," అంది నర్సు.

డబ్బా వరసలు తిరిగింది. ముసలివాళ్ళు తీశారు, కొత్తగా పెళ్ళయిన జంట తీశారు. 'ఇంట్లో ఎవరూ లేరండీ' అన్న గొంతు కూడా తీసింది. ఆమెను గొంతును బట్టి గుర్తుపట్టి లెక్కలాయన వినయంగా నమస్కారం పెట్టాడు. టైలరమ్మ తీసింది. సెక్రటరీ గారు వేళ్ళు పెట్టి కాస్త వెతికి మరీ తీశారు. చివర్న నర్సు తీసింది.

"డబ్బాలో ఆరింటికి ఒకటి ఎర్రది. మన ఊళ్ళో హెర్పిస్ ఉన్నది కూడా అంతే. ఇప్పుడు మీ పక్కవాళ్ళ మొహం చూసి, వాళ్ళ గుప్పిట్లో ఏ రంగుందో చెప్పండి."

హాలంతా తలలు అటూ ఇటూ తిరిగాయి. ఒకరి మొహంలోకి ఒకరు చూసుకున్నారు. ఎక్కడో ఒకావిడ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు అంటుకుని వరసలన్నీ పాకింది. ఒక తాతగారు, నా మొహం చూస్తే ఏ రంగు అనిపిస్తోందని తన భార్యను అడిగాడు. పెళ్ళయిన నాటి నుంచీ నల్లగానే కనిపిస్తున్నావని ఆవిడ చెప్పింది.

సెక్రటరీ గారికి ఈ నవ్వులు నచ్చలేదు. "ఆటలు సరే సిస్టర్ గారూ. దాచుకోవలసింది లేనివాడు గుప్పిట విప్పడానికి ఎందుకు జంకాలి? ఇదుగో, నేను విప్పుతున్నా," అని చెయ్యి పైకెత్తి, తను చూసుకోకుండానే విప్పారు.

ఎర్రది.

సెక్రటరీ గారు జనం మొహాలు చూసి, అప్పుడు తన అరచేయి చూసుకున్నారు. మెడ నుంచి చెవుల దాకా ఎంత ఎరుపెక్కిపోయారంటే, ఆ బటన్ అక్కడ ఎక్కడ పెట్టినా కనబడకుండా కలిసిపోయేది. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది... ఇది వట్టి బటనే కదండీ," అన్నారు ఆయన.

ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడంతోనే ఆయనకు చెమటలు పట్టాయి. నాలుగు రోజులుగా టైలరమ్మ ఏ చూపుల మధ్య బతికిందో అవన్నీ కలిసి ఒక్కసారిగా ఆయన మీదికి తిరిగాయి.

టైలరమ్మ లేచింది. ఎగతాళి చేస్తుందనుకుని కొందరు సర్దుకు కూర్చున్నారు కూడా.

"అవునండీ, వట్టి బటనే," అంది. "వేలు పెడితే ఏది తగిలితే అది వస్తుంది. అందులో సెక్రటరీ గారి తప్పేముంది. నా గుమ్మంలో బండి ఆగడమూ అంతే." గుప్పిట ముందుకు చాపింది. అందరి కళ్ళూ దాని మీదే. "నాకుందో లేదో తెలుసుకుని వెళ్దామని వచ్చారు మీరంతా. నాకు తెలుసు. కానీ నా గుప్పిట నేను విప్పను. మీ గుప్పిట్లు విప్పమని మిమ్మల్నీ అడగను. యూనిఫాంలు నా దగ్గర కుట్టించుకుంటే కుట్టించుకోండి, లేకపోతే బజారుకు పొండి. చేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి పెట్టి కుట్టే ఆ షాపువాడు మీకు చాలాకాలం గుర్తుంటాడు."

అని, చెయ్యి డబ్బాలో పెట్టి గుప్పిట లోపలే వదిలేసింది. బటన్ మిగతావాటిలో కలిసిపోయిన చప్పుడు మాత్రం వినబడింది.

ఆ తర్వాత ఆమె వెనకాల వరస కట్టింది ఎవరో కాదు, సెక్రటరీ గారి భార్య. తనూ గుప్పిట డబ్బాలో వదిలి, నర్సు ముందుకొచ్చి చేతి గాజులు పైకి తోసింది. "మా ఇంటి నంబరు మీ కంప్యూటర్‌లో ఉందట. మొన్న తలుపు తియ్యనిది నేనే. కానివ్వండమ్మా, నాకు సూదంటే భయం, త్వరగా."

సెక్రటరీ గారు ఒకసారి దగ్గి, వ్యక్తిగతంగా తను కూడా సిద్ధమేనన్నారు.

సోమ, మంగళవారాల్లో ఎంపికైన ఇళ్ళ తలుపులన్నీ తెరుచుకున్నాయి. కొత్త చిక్కు ఇంకో వైపు నుంచి వచ్చింది. ఎంపిక కాని ఇళ్ళవాళ్ళు సందు చివర కాపు కాసి, మేమేం పాపం చేశాం, మా రక్తం మాత్రం రక్తం కాదా అని లెక్కలాయన్ని పట్టుకున్నారు. వాళ్ళను లెక్కలో కలుపుకోవడం కుదరదని, ఆసుపత్రిలో విడిగా చేయించుకోవచ్చని నచ్చచెప్పేసరికి ఆయన బిస్కెట్లన్నీ అయిపోయాయి. ఆ మంగళవారం సాయంత్రమే, అందరూ వెళ్ళిపోయాక, నర్సు తన చేతికి తనే రబ్బరు పట్టీ కట్టుకుంది. ఆ గొట్టం సర్వే పెట్టెలో కలపలేదు. విడిగా ల్యాబుకు పట్టుకెళ్ళి ఇచ్చింది. రాత్రి భర్తకు చెప్పింది. ఆయన జోకు వెయ్యకుండా విని, రేపు నన్నూ తీసుకెళ్ళు అన్నాడు.

వారం తిరిగాక సంఘం నోటీసు బోర్డు మీద లెక్కలాయన ఒకే ఒక వాక్యం అంటించాడు. ఈ క్వార్టర్స్‌లో కూడా, ఊళ్ళో లాగానే, దాదాపు ఆరుగురిలో ఒకరు. జనం చదివి, పక్కన నిలబడ్డవాళ్ళను చూడకుండా మర్యాదగా తప్పుకున్నారు. అప్పటి నుంచి క్వార్టర్స్‌లో ఒక వింత మొదలైంది. ఎవరూ ఎవరి గురించీ గట్టిగా మాట్లాడ్డం లేదు. కొళాయి దగ్గర కూడా మీరు పట్టుకోండంటే మీరు పట్టుకోండంటున్నారు. అలా ఎంతకాలం ఉంటుందో గానీ, ఉన్నన్నాళ్ళూ బాగుందని నీళ్ళ ట్యాంకు ఆపరేటర్ అన్నాడు.

నర్సు చివరిసారి వచ్చేసరికి నీలం తలుపు గదిలో మళ్ళీ నడిచే చోటు లేదు. మూటల మధ్య సెక్రటరీ గారు తన ప్యాంటు అంచు మడిపించుకోవడానికి నిలబడి ఉన్నారు. నర్సును చూసి దగ్గి, గొంతు తగ్గించి, ఆ మాత్రలు ఏ షాపులో దొరుకుతాయని అడిగి, అడగ్గానే, వ్యక్తిగతంగా తనకు కాదన్నారు. టైలరమ్మ నోట్లో గుండుసూదులున్నాయి గనక నవ్వలేదు. నర్సు మామూలుగా, పెద్దాసుపత్రిలో ఉచితంగానే ఇస్తారని చెప్పింది.

ఆయన వెళ్ళాక టైలరమ్మ మేకుకు తగిలించిన తెల్లకోటు తీసి ఇచ్చింది. నిన్న బలవంతంగా విప్పించుకుని ఉంచుకున్నదే. ఉతికి, ఇస్త్రీ చేసి, పిన్నీసు తీసేసింది.

నర్సు ఆ పొద్దున్నే తన ఫలితం తెలుసుకుని వచ్చింది. టైలరమ్మ ఆమె మొహంలోకి ఒకసారి చూసింది. ఏమీ అడగలేదు. నర్సు కూడా ఏమీ చెప్పలేదు.

కోటు తొడుక్కుంటుంటే కనిపించింది. పైనా కిందా తెల్ల బటన్లు, మధ్యలో ఒక్కటి ఎర్రది.

"తెల్లవి అయిపోయాయా?"

"డబ్బా నిండా ఉన్నాయి," అంది టైలరమ్మ, మిషన్ చక్రం తిప్పుతూ. "మీకు ఇదే బాగుంటుందనిపించింది. వద్దంటే మార్చేస్తాను."

నర్సు బటన్ పెట్టుకుంది. గట్టిగా కుట్టింది, లాగినా రాదు. ఐసు పెట్టె భుజానికెత్తుకుని, సందు మొదట్లో ఆగి ఉన్న వ్యాన్ దాకా నడిచింది. మోకాలు మొరాయిస్తూనే ఉంది, నడవనిచ్చింది.

మర్నాడు ఊరికి ఇంకో చివర, రైల్వే గేటు దాటిన వీధిలో, కంప్యూటర్ తీసిన మొదటి ఇంటి తలుపు తట్టింది. గడప మీద నిలబడ్డ ఇల్లాలు నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఇన్ని ఇళ్ళుండగా మా ఇల్లే ఎందుకని అడగబోయి, సగంలో ఆగిపోయింది. ఆమె కళ్ళు కోటు మధ్యలో నిలిచాయి.

"అదేమిటమ్మా, ఆ ఒక్క బటన్ ఎర్రగా ఉంది?"

నర్సు ఐసు పెట్టె కిందికి దించింది.

"ఒక కుర్చీ వెయ్యండి, చెబుతాను," అంది.